అందరికీ 120/80

తెల్లవారుజామున 4 గంటలు. జిల్లా దవాఖాన ఆడవాళ్ల వార్డులో సగం ట్యూబ్‌లైట్లే వెలుగుతుంటాయి. మంచం మీద పేషంటు, మంచం కింద చాపేసుకుని పడుకున్న తల్లో చెల్లెలో, నర్సుల టేబుల్ మీద కేస్ షీట్ల దొంతర. డాక్టర్లు రౌండ్స్‌కు వచ్చేలోపు ప్రతి షీట్‌లో బీపీ, నాడి, జ్వరం, శ్వాస రాసి ఉండాలి. రాసే ఉంటాయి. ఒకటో మంచానికి 120/80. రెండో మంచానికి 120/80. మూడో మంచానికి, మరీ ఒకే తీరుగా ఉంటే బాగుండదని, 110/70. నాడి 82. జ్వరం లేదు. బీపీ మిషను మాత్రం రాత్రి పదింటి నుంచి అల్మారా దాటి బయటికి రాలేదు.

ఇది ఏ ఒక్క దవాఖాన గుట్టో కాదు. నర్సింగ్ చదివినవాళ్లకు తెలుసు, నాలుగు రాత్రులు వార్డులో కాపలా పడుకున్న అటెండెంట్లకూ తెలుసు. మే 12న నర్సుల దినోత్సవం నాడు వేదికల మీద మాత్రం దీనిమాట రాదు. అక్కడ దీపం, తెల్లచీర, త్యాగం, అమ్మలాంటి మనసు గురించి మాట్లాడి శాలువా కప్పి పంపిస్తారు. దేవత అన్న తర్వాత ఆమె డ్యూటీ చార్టు, జీతం బకాయి ఎవరడుగుతారు? నర్సు వృత్తిలో నీతి అన్నది ఎక్కడ పరీక్షకు నిలబడుతుందో తెలియాలంటే శాలువా దగ్గరికంటే ఆ 120/80 దగ్గరికి పోవడమే మేలు.

ముందు లెక్క చూద్దాం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషంట్లకు ఒక నర్సు ఉండాలి, బోధనాసుపత్రి కానిచోట ఐదుగురికి ఒకరు. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్గొండ, సూర్యాపేటలకు 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలకు 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అంటే నిన్నటిదాకా జిల్లా ఆసుపత్రి అనిపించుకున్న చోట్లకు ఇప్పుడు ఒకటికి మూడు అన్న కొలత వర్తిస్తుంది. బోర్డు మారినంత తొందరగా నర్సు పోస్టులు నిండవు. రాత్రి డ్యూటీలో 40 మందికి ఒక్కరే ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరికి బీపీ, నాడి, టెంపరేచర్, శ్వాస సరిగ్గా చూసి రాయడానికి తక్కువలో తక్కువ 4 నిమిషాలు. 40 మందికి 160 నిమిషాలు, అంటే 2 గంటల 40 నిమిషాలు. ఈలోపు ఎవరికీ సెలైన్ అయిపోకూడదు, ఎవరి క్యాన్యులా (నరంలో పెట్టిన సన్న గొట్టం) ఊడకూడదు, క్యాజువాలిటీ నుంచి కొత్త కేసు పైకి రాకూడదు. అలాంటి రాత్రి ఇంకా పుట్టలేదు.

కాబట్టి నలభై మందినీ చూడలేకపోవడాన్ని ఆ నర్సు నెత్తిన వేయడం అన్యాయం. పోస్టులు నింపని ప్రభుత్వానిది ఒక పాలు, రోస్టర్ (డ్యూటీ చార్టు) వేసిన పెద్దలది ఇంకో పాలు. కానీ చూడనిదాన్ని చూసినట్టు రాయడం వేరే పని. అది కలం పట్టినవాళ్లదే. ఈ రెంటినీ ఒకే మూటగట్టి ‘స్టాఫ్ లేరు, ఏం చేస్తాం’ అనేసే అలవాటు వార్డుల్లో గట్టిగా ఉంది. తమాషా ఏమిటంటే, స్టాఫ్ లేరన్న నిజాన్ని దాచిపెడుతున్నదీ ఆ రాతే. కాగితం మీద 40 మందికీ నాలుగు గంటలకోసారి బీపీ చూసినట్టుంటే, ఒక్క నర్సుతో పని నడుస్తున్నట్టే కదా అని పైవాళ్లు అనుకుంటారు. ఇంకో పోస్టు ఎందుకు అడగాలి?

120/80 వల్ల ప్రతిసారీ ప్రాణం పోదు. అందుకే ఆ అలవాటు బతుకుతోంది. కొన్ని మంచాల దగ్గర మాత్రం పోతుంది. అచ్చంపేట దిక్కు తండా నుంచి 108లో వచ్చిన ఒక తొలిచూలు గర్భిణిని ఊహించుకోండి. ముఖం ఉబ్బింది, తలనొప్పి, కళ్లు మసక. బీపీ 160/110 దాటింది. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెడతారు, వార్డు భాషలో మాగ్‌సల్ఫ్. మొదటి పెద్ద డోసు తర్వాత నాలుగు గంటలకోసారి ఒక పిర్రకు, మళ్లీ రెండో పిర్రకు 5 గ్రాముల చొప్పున సూది. ఈ మందుకు ఒక గుణం ఉంది. తల్లిని కాపాడే మోతాదుకూ ఊపిరి ఆపే మోతాదుకూ మధ్య ఎడం తక్కువ. అది మూత్రంలోనే బయటికి పోవాలి, మూత్రం తగ్గితే ఒంట్లో పేరుకుపోతుంది.

అందుకే ప్రతి డోసుకు ముందు నర్సు మూడు చూడాలి. మోకాలి కింద తట్టితే కాలు ఎగురుతోందా? శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదు కదా? మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లన్నా వస్తోందా? సుత్తి దొరక్కపోతే స్టెతస్కోప్ అంచుతోనో అరచేతి అంచుతోనో తట్టొచ్చు. శ్వాసను నిండు నిమిషం లెక్కపెట్టాలి, పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే తప్పొస్తుంది. యూరిన్ బ్యాగు దగ్గర వంగి గీత చూడాలి. అన్నీ కలిపి రెండు నిమిషాలు. కాలు ఎగరకపోతే డోసు ఆపి డాక్టర్‌ను పిలవాలి. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ ట్రేలో సిద్ధంగా ఉండాలి. ఇక్కడ ‘రిఫ్లెక్స్ ఉంది’ అని చూడకుండా రాస్తే, ఆ అబద్ధం నమ్మి తర్వాతి డ్యూటీ నర్సు సూది పొడుస్తుంది. తప్పు చేసిన చెయ్యి ఒకరిది, తప్పు మొదలుపెట్టిన రాత ఇంకొకరిది.

డాక్టరు డోసు రాశాడు, నర్సు ఆపింది. ఆ అధికారం ఆమెకు ఎక్కడిది? ఈ ప్రశ్నకు నూరేళ్ల చరిత్ర ఉంది. నర్సింగ్ కాలేజీల్లో మొదటి ఏడాది పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని చదివే నైటింగేల్ ప్రతిజ్ఞను ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ రాయలేదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక నర్సింగ్ స్కూలు వాళ్లు తయారుచేసుకుని ఆమె పేరు పెట్టుకున్నారు. వైద్యుడి పనిలో విధేయతతో తోడ్పడతానని అందులో ఉంది. 1953లో అంతర్జాతీయ నర్సుల మండలి తొలి నీతి నియమావళిలోనూ డాక్టరు ఆదేశాలను తెలివితో, విధేయతతో పాటించాలన్న మాట ఉంది. అనైతికమైన పనిలో పాలుపంచుకోనని నిరాకరించాలనీ దాని పక్కనే ఉంది. 1973లో నియమావళిని తిరగరాసినప్పుడు విధేయత మాట పోయింది. నర్సు మొదటి బాధ్యత తన సంరక్షణ అవసరమైన మనుషులకే అని రాశారు. అంటే జవాబు చెప్పాల్సింది డాక్టరుకు అన్నది పోయి పేషంటుకు అన్నది వచ్చింది. మన దగ్గర ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమావళిదీ ఇదే దారి. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం కూడా వచ్చింది. కాగితాల మీద ఇంత జరిగినా, హైస్కూల్ పిల్లల్లా డాక్టర్ వస్తుంటే లేచి నిలబడే పద్ధతి వార్డుల్లో పోలేదు. కొవ్వొత్తుల ప్రతిజ్ఞ కూడా పాతదే నడుస్తోంది.

అర్హత లేని చేయి ఏం చేస్తుందో చూపించే కేసు ఒకటి సుప్రీంకోర్టు 1998లో తేల్చింది. ఢిల్లీలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. టైఫాయిడ్ అని చేర్చిన పిల్లవాడు. నర్సు చీటీ రాసిస్తే తండ్రి బయట కొనుక్కొచ్చాడు. ఆమె నేరుగా నరంలోకి ఎక్కించింది. అది క్లోరోక్విన్, మలేరియా మందు. తల్లి ఒళ్లో ఉన్న పిల్లవాడు అక్కడికక్కడే కుప్పకూలాడు, గుండె ఆగింది, మెదడు దెబ్బతిని జీవచ్ఛవమయ్యాడు. ఆమె ఏ నర్సింగ్ కౌన్సిల్లోనూ రిజిస్టర్ కాలేదని విచారణలో తేలింది. పిల్లవాడికి 12.5 లక్షలు, తల్లిదండ్రులకు 5 లక్షలు ఆసుపత్రే కట్టాలన్నారు. చిన్న పట్టణాల నర్సింగ్‌హోములు ఈ కేసు చదవాలి. పది ఫెయిలైన పిల్లకు తెల్లకోటు తొడిగి, మూణ్నెల్లు సూది వేయడం నేర్పి ‘సిస్టర్’ అని పిలిపించే చోట్లు కొత్త కాదు. ఆ పిల్లను తిట్టడం తేలిక. ఆమెకు నెలజీతం ఇచ్చి పెట్టుకున్నవాళ్ల పేరు మాత్రం బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉంటుంది.

విధేయత మళ్లీ ఎదురొచ్చేది ఫోన్ ఆర్డర్ల దగ్గర. రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టర్ నిద్రగొంతుతో మందు పేరు, మోతాదు చెప్తాడు. విన్నది రాసుకుని, తిరిగి చదివి వినిపించి, ఔననిపించుకుని, ఎవరు ఎన్నింటికి చెప్పారో రాసి, పొద్దున సంతకం పెట్టించుకోవాలి. ‘మళ్లీ చదివితే విసుక్కుంటాడు’ అన్న భయం ఒక్కటే దీనికి అడ్డం.

వేలిముద్ర ఎవరిది

లేబర్ రూం తలుపు దగ్గర ఇంకో సన్నివేశం రోజూ నడుస్తుంది. సిజేరియన్ సమ్మతి పత్రం, నీలం ఇంకు ప్యాడు. నర్సు ‘ఇక్కడ వేలెయ్యండి’ అంటుంది. భర్త వేస్తాడు, లేదా అత్త. లోపల నొప్పులు పడుతున్న మనిషిని ఎవరూ అడగరు. అడిగినా, ‘మీకేం తెల్వదు, డాక్టరమ్మ చెప్పినట్టు చెయ్యుండ్రి’ అన్న మాటతో అయిపోతుంది. పత్రం కింద సాక్షి సంతకం నర్సుదే.

సాక్షి దేనికి సాక్షి? వేలిముద్ర పడిందనా, విషయం అర్థమైందనా? 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు ఈ ముడి విప్పింది. పరీక్ష కోసం మత్తిచ్చిన స్త్రీకి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి సమ్మతి తీసుకుని గర్భసంచి తీసేశారు. అది చెల్లదంది కోర్టు. వయసొచ్చి, తెలివిలో ఉండి నిర్ణయించుకోగల మనిషి ఒంటి మీద కోత గురించి ఆమె సమ్మతే సమ్మతి. ప్రాణం మీదికొచ్చి ఆగలేని సందర్భం వేరు. తెలంగాణలో ఈ విషయం చిన్నది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. ప్రైవేటులో అయితే 81.5 శాతం. పంతులు పెట్టిన ముహూర్తానికి కోసినవి ఇందులో ఎన్నో సర్వే చెప్పదు గానీ, ‘పొద్దున 9.20 లోపు అయిపోవాలె సిస్టర్’ అని చీటీ చేతిలో పెట్టే మామగారు ప్రతి నర్సుకూ ఎదురయ్యే ఉంటాడు. కోత నిర్ణయం నర్సుది కాదు. ఆ తల్లికి ఆమె మాటలో, అది తెలుగో లంబాడీయో ఉర్దూయో, నారాయణపేట దిక్కయితే కన్నడమో, కోత ఎందుకో తెలిసిందా లేదా అన్నది మాత్రం నర్సుకే తెలుస్తుంది. తెలియలేదని తెలిసీ సాక్షి సంతకం పెడితే అది మళ్లీ 120/80 లాంటిదే.

ఊరి దవాఖానలో గుట్టు

హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిలో పేషంటు ఎవరో, నర్సు ఎవరో. కొడంగల్లోనో దేవరకొండలోనో అలా కుదరదు. పేషంటుది నర్సు పుట్టింటి పక్కూరు. ఆయన తోడల్లుడు ఆమె భర్త దగ్గర చీటీ కడతాడు. పాలమూరు నుంచి ముంబై, పుణె, భీవండి దిక్కు వలసపోయి ఏడాదికి తిరిగొచ్చిన మనిషికి రక్తపరీక్షలో హెచ్ఐవీ తేలితే, ఆ సంగతి ఊరికి చేరడానికి రిపోర్టు అక్కర్లేదు. మంచం దగ్గర వేరే రంగు స్టిక్కర్, విడిగా పెట్టిన గ్లౌజుల డబ్బా, భోజనం తట్టను దూరం నుంచి నెట్టిన ఆయమ్మ, ఇవి చాలు. నోరు విప్పకుండానే గుట్టు రట్టవుతుంది.

2017లో చేసిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఆ మనిషి సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితం బయటపెట్టరాదు. మరి భార్యకు చెప్పకపోతే ఆమె గతేమిటి? నర్సుల్ని రాత్రుళ్లు నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే. చట్టం దీన్ని గాలికి వదల్లేదు. జీవిత భాగస్వామికి నిజంగా ప్రమాదముందని నమ్మకం కలిగి, రోగికి కౌన్సెలింగ్ చేసినా అతను చెప్పడని తేలితే, చెప్పబోతున్నానని అతనికే ముందు తెలియజేసి, డాక్టరో కౌన్సెలరో భాగస్వామికి ఎదురుగా చెప్పొచ్చు. రోగి స్త్రీ అయి, చెప్తే కొడతారనో ఇంట్లోంచి వెళ్లగొడతారనో భయానికి కారణముంటే చెప్పకూడదు. ఇందులో నర్సుకు నేరుగా చెప్పే పని లేదు. ఆమె చేయగలిగింది కేసు కౌన్సెలర్ దగ్గరికి చేరేలా చూడడం, చేరిందో లేదో మళ్లీ అడగడం. వదినతో బావి దగ్గర ‘ఎవ్వరికీ చెప్పకు గానీ’ అని మొదలుపెట్టకపోవడం కూడా. వినడానికి చిన్నదే. ఉండేది అదే ఊళ్లో కాబట్టి చిన్నది కాదు.

ఒళ్లు తిప్పడం

నల్గొండ పేరు ప్రపంచానికి రెండు విధాల తెలుసు. ఒకటి ఫ్లోరైడ్. రెండోది ఆ ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికే నాగపూర్ శాస్త్రజ్ఞులు పెట్టిన ‘నల్గొండ టెక్నిక్’ అన్న పేరు. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను ఏళ్ల తరబడి తాగిన మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు ఊళ్లలో వెన్నెముక కొయ్యబారిపోయిన మనుషులు మిగిలారు. మిషన్ భగీరథ నల్లా వచ్చి కొత్త తరానికి మేలు జరిగింది. వంగిన ఎముక నల్లానీళ్లతో తిరిగి నిక్కదు. అలాంటి మనిషి న్యుమోనియాతోనో తుంటి విరిగో వార్డుకొస్తే, నర్సింగ్ పుస్తకంలో ఉన్నట్టు రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం పుస్తకమంత తేలిక కాదు. మెడ తిరగదు, నడుము వంగదు, మోకాళ్లు చాచుకోవు. వెల్లకిలా పడుకోబెడితే తల గాలిలో నిలుస్తుంది, దాని కింద ఎంత ఎత్తు దిండు పెట్టాలో ఆయనకే తెలుసు. ముందు ఆయన్ని అడగాలి. తర్వాత ఇద్దరు కలిసి దుప్పటితో సహా, మొత్తం ఒంటిని ఒకే కట్టెలా తిప్పాలి. తొందరపడి భుజం పట్టి లాగితే ఆయన కేకేస్తాడు, లేదా ఇన్నేళ్ల అలవాటు కొద్దీ పళ్లు బిగపట్టి ఊరుకుంటాడు. ఊరుకునేవాళ్ల దగ్గరే నర్సు మరీ జాగ్రత్తగా ఉండాలి.

మంచంపుండు పడిందంటే చాలాసార్లు ఎవరో చూడలేదని అర్థం. దీనికి మన దేశంలో ఉన్నంత పెద్ద సాక్ష్యం ఇంకెక్కడా ఉండదేమో. ముంబై కెఇఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబర్‌లో అక్కడి స్వీపరే దాడి చేశాడు. ఆమె మళ్లీ కోలుకోలేదు. 2015 మే 18న చనిపోయేదాకా ఆ ఆసుపత్రి నర్సులే తరాలు మారుతూ సాకారు. ఆమెకు తిండి ఆపి విముక్తి ఇవ్వాలన్న పిటిషన్‌ను 2011లో సుప్రీంకోర్టు తోసిపుచ్చినప్పుడు, అన్నేళ్లలో ఒక్క మంచంపుండూ లేదన్న సంగతిని తీర్పులో ప్రస్తావించింది. ఆమె తరఫున మాట్లాడే హక్కు పిటిషన్ వేసిన రచయిత్రిది కాదు, చూసుకుంటున్న ఆసుపత్రి సిబ్బందిదే అంది. ఆమె బతకాలా వద్దా అన్న వాదనలో ఎవరి పక్షానైనా ఉండొచ్చు. రోజూ ఒళ్లు తిప్పినవాళ్ల మాటకు కోర్టులో బరువుందన్నది మాత్రం అక్కడ స్థిరపడింది.

దీనికి పూర్తి వ్యతిరేకమైనది లేబర్ రూం బయట దొరుకుతుంది. బిడ్డను చూపించడానికి మగపిల్లాడైతే ఇంత, ఆడపిల్లయితే ఇంత అని బక్షీస్ రేటు. తీసుకునేది ఎక్కువగా ఆయాలు, వార్డ్ బాయ్‌లు. నర్సులు చూసీ చూడనట్టుంటారు. ఆ రేటులోనే ఆడపిల్ల తక్కువని దవాఖాన ముద్ర వేస్తున్నట్టు ఎవరికీ తోచదు. మూడో కాన్పులోనూ ఆడపిల్లేనని తల్లి ముఖం తిప్పుకున్నప్పుడు, ‘ఎవరన్నా పిల్లలు లేనోళ్లుంటే చెప్పు సిస్టరమ్మా’ అని బంధువొకరు గొంతు తగ్గించి అడిగినప్పుడు, నర్సు జాలిపడి ఫోన్ నంబర్లు కలిపితే అది దత్తత కాదు, అమ్మకానికి మధ్యవర్తిత్వం. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం పెంచలేని తల్లిదండ్రులు బిడ్డను బాలల సంక్షేమ కమిటీ ముందు అప్పగించవచ్చు, మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు కూడా ఉంటుంది. 1098కి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు. ఈ సంగతి ఆ బంధువుకు చెప్పగలిగేది ఆ క్షణంలో నర్సొక్కతే.

చేయాల్సింది తెలిసీ చేయనివ్వని పరిస్థితిలో మనిషి లోలోపల నలిగిపోవడానికి ఆండ్రూ జేమ్టన్ అనే అమెరికన్ తత్వవేత్త 1984లో పేరు పెట్టాడు. తెలుగులో నైతిక వేదన అనుకోవచ్చు. ఆయన గమనించింది నర్సులనే. మన దగ్గర దీనికి ఔట్‌సోర్సింగ్ అన్న ఇంకో పొర ఉంది. ఏడాదికోసారి రెన్యువల్, ఏజెన్సీ చేతిలో జీతం, నెలల బకాయి. అలాంటి ఉద్యోగి డోసు ఆపి డాక్టర్‌ను లేపడానికి రెగ్యులర్ నర్సుకంటే పదిసార్లు ఆలోచిస్తుంది. నీతి పాఠం ఆమెకు చెప్పేముందు ఆమె సంతకానికి రక్షణ ఏమిటో చెప్పాలి.

వార్డులో ఇప్పటికిప్పుడు పైసా ఖర్చు లేకుండా మారగలిగింది ఒకటుంది. 40 మందిలో ఎవరిని తప్పక చూడాలో డ్యూటీ మారేటప్పుడే ఇద్దరు నర్సులూ కలిసి గుర్తుపెట్టుకోవడం: మాగ్‌సల్ఫ్ నడుస్తున్న తల్లి, ఆపరేషనై మొదటి రాత్రి గడుపుతున్నవాళ్లు, రక్తం ఎక్కుతున్న పేషంటు. వాళ్లను నిజంగా చూసి, మిగతా షీట్లలో ‘4 గంటలు: చూడలేదు, వార్డులో 40 మంది, నర్సు ఒక్కరు’ అని రాసి సంతకం పెట్టడం. అలాంటి షీట్లు పది తన ముందుకొస్తే సూపరింటెండెంట్‌కు మొదట కోపమొస్తుంది. మెమో ఇస్తానంటాడు. మెమోకు జవాబులో ఆ రాత్రి రోస్టర్ జిరాక్సు జతచేయాల్సి వస్తుంది, రోస్టర్ మీద ఉండేది ఆయన సంతకమే.